సెటప్ స్క్రిప్ట్ మన సర్వర్ పబ్లిక్ ఐపీని ఎలా కనిపెడుతుంది, ఎక్కడ తప్పులో కాలేస్తుంది?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి రాసే నేను ఈసారి ఒక సెటప్ స్క్రిప్ట్‌లోని ఒకే ఒక్క లైన్ గురించి రాస్తున్నాను. ఆ లైన్ రాసింది నేనే. దాని పుణ్యమా అని మా నాన్న ఒక అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి బైకేసుకుని మూడు కిలోమీటర్లు చీకట్లో వెళ్లాల్సి వచ్చింది.

భీమవరం దగ్గర మాకు ఒక రొయ్యల చెరువు ఉంది. ఆ పని తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్తా. రాత్రిపూట చెరువులోని నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకి నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి. కరెంటు పోయి, జనరేటర్ కూడా స్టార్ట్ అవ్వకపోతే తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. అందుకని గట్టు మీది షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై, దానికో కెమెరా పెట్టాను. పై, ఫైబర్ రౌటర్ రెండూ చిన్న యూపీఎస్ మీద ఉంటాయి. నాన్న ఇంట్లో మంచం మీద నుంచే ఫోన్‌లో ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలన్నది ప్లాన్. కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడొచ్చుగా అంటారా? వాడొచ్చు. నెలనెలా డబ్బులు కట్టడం ఇష్టం లేదు, నిజం చెప్పాలంటే సొంతంగా చేయాలన్న సరదా కూడా ఉంది.

పై మీద వైర్‌గార్డ్ వీపీఎన్ సర్వర్ పెట్టాను. సెటప్ అంతా ఒక బాష్ స్క్రిప్ట్‌లో రాశాను. అది తాళాలు తయారు చేసి, ఫోన్‌కి కావాల్సిన కాన్ఫిగ్ రాసి, చివర్లో స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. ఫోన్‌లో వైర్‌గార్డ్ యాప్ తెరిచి స్కాన్ చేస్తే అయిపోయింది. ఆ కాన్ఫిగ్‌లో ఎండ్‌పాయింట్ అని ఒక లైన్ ఉంటుంది. "సర్వర్ ఈ అడ్రస్‌లో, ఈ పోర్ట్ మీద దొరుకుతుంది" అని ఫోన్‌కి చెప్పే లైన్ అది. ఆ అడ్రస్‌ని స్క్రిప్టే స్వయంగా కనిపెట్టి రాసేలా పెట్టాను. షెడ్డులో నిలబడి నా ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో టెస్ట్ చేశా. బొమ్మ టక్కున వచ్చింది. అదే రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చేశా.

నాలుగో రోజు రాత్రి కరెంటు పోయింది. నాన్న ఫోన్ తెరిస్తే బొమ్మ రాలేదు. నాకు ఫోన్ చేశారు.

"ఏరా, ఇది తిరుగుతానే ఉంది, ఏమీ రావట్లేదు."

"నాన్నా, వైర్‌గార్డ్ ఆన్‌లో ఉందా?"

"ఆన్‌లోనే ఉందిరా. పక్కన బటన్ వెలుగుతానే ఉంది."

ఇంకేం ఆలోచించకుండా బండి తీశారు. అదృష్టం కొద్దీ చెరువు దగ్గర ఉండే మనిషి అప్పటికే జనరేటర్ వేసేశాడు. పంటకి ఏమీ కాలేదు. కానీ నా గాడ్జెట్ ఆ రాత్రి ఎందుకూ పనికిరాలేదన్నది నిజం.

ఇక్కడ వైర్‌గార్డ్ గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. యాప్‌లో బటన్ ఆన్ అవ్వడానికీ, సర్వర్ దొరకడానికీ సంబంధం లేదు. అవతల ఎవరూ లేకపోయినా బటన్ హాయిగా ఆన్‌లోనే ఉంటుంది. టన్నెల్ పేరు మీద నొక్కితే లోపల "లేటెస్ట్ హ్యాండ్‌షేక్" అని టైమ్ కనిపించాలి, రిసీవ్డ్ డేటా సున్నా కాకుండా ఉండాలి. ఆ రెండూ లేకపోతే కనెక్ట్ కానట్టే.

మర్నాడు పొద్దున నాన్న ఫోన్‌లోని కాన్ఫిగ్ స్క్రీన్‌షాట్ తెప్పించుకుని చూశా. ఎండ్‌పాయింట్ దగ్గర 192.168.1.14 అని ఉంది. తల పట్టుకున్నా. అది షెడ్డులోని రౌటర్ ఆ పైకి ఇచ్చిన లోపలి అడ్రస్. షెడ్డు వైఫైలో ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. నేను టెస్ట్ చేసింది సరిగ్గా అక్కడే!

సర్వర్‌కి తన అడ్రస్ తనకే తెలియదా?

తెలియదు, చాలాసార్లు. వినడానికి వింతగానే ఉంటుంది. ఆఫీసు ఫోన్ ఎక్స్‌టెన్షన్ గుర్తు తెచ్చుకోండి. మీ టేబుల్ మీది ఫోన్‌కి తెలిసింది "నా నంబర్ 14" అన్నంతవరకే. బయటికి కాల్ చేస్తే అవతలివాళ్లకి కనిపించేది ఆఫీసు బోర్డు నంబర్. ఆ బోర్డు నంబర్ ఏంటో టేబుల్ మీది ఫోన్‌కి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. రౌటర్ చేసే నాట్ కూడా ఇదే పని చేస్తుంది.

మామూలుగా సర్వర్‌కి కూడా తన పబ్లిక్ అడ్రస్‌తో పని లేదు. "నా దగ్గరికి ఏ అడ్రస్ మీద వచ్చినా తలుపు తీస్తా" అని 0.0.0.0 మీద కూర్చుంటుంది, అంతే. చిక్కంతా ఆ అడ్రస్‌ని సర్వర్ వేరేవాళ్లకి రాసి ఇవ్వాల్సి వచ్చినప్పుడే. వీపీఎన్ కాన్ఫిగ్‌లు, వీడియో కాల్ సర్వర్లు, ఫ్రెండ్స్‌కి పంపే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ అడ్రస్ అన్నీ ఈ కోవలోవే. ఇది కొత్త సమస్య కూడా కాదు. పాత ఎఫ్‌టీపీలో పాసివ్ మోడ్ అడిగితే సర్వర్ తన ఐపీని తనే రాసి పంపేది. నాట్ వెనక ఉన్న సర్వర్ లోపలి అడ్రస్ రాసి పంపేసేది, క్లయింట్ దిక్కులు చూసేది. అందుకే వీఎస్‌ఎఫ్‌టీపీడీ లాంటి సర్వర్లలో పాసివ్ అడ్రస్‌ని మనమే విడిగా రాసే సెట్టింగ్ ఉంటుంది.

నా స్క్రిప్ట్ చేసింది ఏంటంటే, లినక్స్‌లోని "ఐపీ రూట్ గెట్" కమాండ్‌కి 1.1.1.1 అని ఇచ్చి, అక్కడికి వెళ్లాలంటే ఏ సోర్స్ అడ్రస్ వాడతావని కెర్నల్‌ని అడిగింది. మంచి కమాండే. రెండు మూడు నెట్‌వర్క్ కార్డులున్నా, డాకర్ 172.17.0.1 లాంటివి అడ్డదిడ్డంగా పెట్టినా, ఇంటర్నెట్ వైపు వెళ్లే అసలు ఇంటర్‌ఫేస్‌ని సరిగ్గా పట్టుకుంటుంది. ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పంపదు. కానీ కెర్నల్‌కి తెలిసింది తన గడప వరకే. కొన్ని క్లౌడ్ కంపెనీల్లో, ఉదాహరణకి డిజిటల్ ఓషన్ డ్రాప్లెట్‌లో, పబ్లిక్ ఐపీ నేరుగా ఇంటర్‌ఫేస్ మీదే కూర్చుంటుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి చాలు. నేను స్క్రిప్ట్‌ని మొదట టెస్ట్ చేసింది అలాంటి మెషీన్ మీదే. అందుకే ఇది పనిచేస్తుందన్న నమ్మకం కుదిరిపోయింది.

కనీసం చేయాల్సిన చెక్ ఒకటుంది. వచ్చిన అడ్రస్ ప్రైవేట్‌దా కాదా అని చూడాలి. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి బయట ఇంటర్నెట్‌లో చెల్లవు. 172తో మొదలైతే చాలు ప్రైవేట్ అని కొట్టిపారేసే స్క్రిప్టులు చూశాను, అది తప్పు. 172.32 అలా చేయాల్సిన అడ్రస్ కాదు. పేరున్న ఓపెన్‌వీపీఎన్, వైర్‌గార్డ్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ఈ చెక్ చేసి, ప్రైవేట్ అని తేలితే బయటి సర్వీస్‌ని అడుగుతాయి. నేను కూడా అదే దారి పట్టాను.

బయటివాళ్లని అడగడం

దీనికి ముచ్చటగా మూడు దారులున్నాయి.

అందరూ వాడేది హెచ్‌టీటీపీ. కర్ల్‌తో ఐపిఫై, ఐఎఫ్‌కాన్ఫిగ్ డాట్ మీ, అమెజాన్ వాళ్ల చెక్‌ఐపీ లాంటి సర్వీసుకి రిక్వెస్ట్ పంపితే, "నువ్వు నాకు ఈ అడ్రస్ నుంచి కనిపిస్తున్నావు" అని ఒక్క లైన్ తిరిగొస్తుంది. సులువే కానీ ఇందులో గుంటలు చాలా ఉన్నాయి. టైమ్‌అవుట్ పెట్టకపోతే సెటప్ మధ్యలో బిగుసుకుపోతుంది. మైనస్ 4 ఆప్షన్ ఇవ్వకపోతే ఒక్కోసారి ఐపీవీ6 అడ్రస్ వస్తుంది. దాన్ని స్క్వేర్ బ్రాకెట్లు లేకుండా పోర్ట్ నంబర్ పక్కన అతికిస్తే కాన్ఫిగ్ చెడిపోతుంది. ఇక సర్వీస్ డౌన్ అయిన రోజు మీకొచ్చేది ఐపీ కాదు, ఒక హెచ్‌టీఎంఎల్ ఎర్రర్ పేజీ. నా ఫ్రెండ్ ఒకడి స్క్రిప్ట్ ఆ పేజీ మొత్తాన్ని తీసుకెళ్లి ఎండ్‌పాయింట్ లైన్‌లో కుక్కేసింది. క్యూఆర్ కోడ్ స్క్రీన్‌లో పట్టకపోతే గానీ వాడికి అనుమానం రాలేదు! కాబట్టి వచ్చిన జవాబు చుక్కలతో విడిపోయిన నాలుగు అంకెలేనా, ఒక్కోటి 255 లోపేనా అని చూడకుండా ముట్టుకోవద్దు. మెషీన్‌లో ఇంకో వీపీఎన్ గానీ ప్రాక్సీ గానీ ఆన్‌లో ఉంటే వచ్చేది దాని అడ్రస్, మీది కాదు. ఇది కూడా గుర్తుంచుకోండి.

రెండోది డీఎన్‌ఎస్. ఓపెన్‌డీఎన్‌ఎస్ వాళ్ల రిజాల్వర్‌ని "మైఐపీ డాట్ ఓపెన్‌డీఎన్‌ఎస్ డాట్ కామ్" అనే పేరు అడిగితే, అడిగినవాడి అడ్రస్సే జవాబుగా ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకి తెలిసిన పైవీపీఎన్ ఇన్‌స్టాలర్ కూడా ఈ చిట్కా వాడుతుంది. వేగంగా ఉంటుంది. కానీ ఆ ప్రశ్న నేరుగా ఓపెన్‌డీఎన్‌ఎస్‌కే వెళ్లాలి. దారిలో ఇంటర్నెట్ ప్రొవైడర్ డీఎన్‌ఎస్ ప్రశ్నలని తన సర్వర్ వైపు మళ్లిస్తే లెక్క తప్పుతుంది.

మూడోది నాకు బాగా నచ్చింది, స్టన్. బ్రౌజర్‌లో వీడియో కాల్ చేసినప్పుడు వెనకాల జరిగేది ఇదే. యూడీపీ పోర్ట్ 3478 మీద స్టన్ సర్వర్‌కి ఒక చిన్న ప్యాకెట్ పంపితే, మీ బయటి అడ్రస్‌తో పాటు బయటి పోర్ట్ కూడా చెబుతుంది. మొదట 2003లో వచ్చిన వెర్షన్‌లో జవాబులో ఐపీని ఉన్నదున్నట్టు పెట్టేవాళ్లు. కొన్ని అతి తెలివి రౌటర్లు ప్యాకెట్ లోపల ఐపీలా కనిపించే బైట్లు ఉంటే వాటిని కూడా మార్చేసేవి. దాంతో జవాబే తారుమారు. అందుకే 2008 వెర్షన్‌లో ఆ అడ్రస్‌ని ఒక స్థిరమైన సంఖ్యతో ఎక్స్‌ఆర్ చేసి, రౌటర్ గుర్తుపట్టకుండా దాచి పంపడం మొదలెట్టారు. రౌటర్ కన్నుగప్పి మన అడ్రస్ మనకి చేరవేయడమన్నమాట.

నేను మొదటి పద్ధతే వాడాను. ఇద్దరు వేర్వేరు ఓనర్ల సర్వీసుల్ని అడిగి, రెండూ ఒకటే చెబితేనే తీసుకునేలా మార్చాను. తమ్ముడు షెడ్డుకి వెళ్లి స్క్రిప్ట్ మళ్లీ రన్ చేశాడు. ఈసారి ఎండ్‌పాయింట్‌లో నిఖార్సైన పబ్లిక్ ఐపీ వచ్చింది. ఉదాహరణకి 203.0.113.25 అనుకోండి. రౌటర్‌లో 51820 పోర్ట్ ఫార్వర్డ్ చేయించాను. వాడిని వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడమన్నా.

"అన్నయ్యా, హ్యాండ్‌షేక్ రావట్లేదు."

రెండు సర్వీసులు ఒకే మాట చెప్పాయి, అడ్రస్ ప్రైవేట్ కాదు, పోర్ట్ తెరిచే ఉంది. అయినా లేదు. అరగంట జుట్టు పీక్కున్నాక రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ ఏముందో చదవమన్నాను.

"వందతో మొదలైంది అన్నయ్యా. 100 చుక్క 72 చుక్క..."

అప్పుడు అర్థమైంది.

వందతో మొదలైతే అనుమానించాల్సిందే

ఐపీవీ4లో మొత్తం ఉన్నవే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి నిల్వ అయిపోయింది, అదే ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ వాటా కూడా అడుగంటింది. అందుకని ప్రొవైడర్లు తమ దగ్గర ఇంకో పెద్ద నాట్ పెట్టి, ఒక్క పబ్లిక్ ఐపీ వెనక ఎన్నో ఇళ్లని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. దాన్ని సీజీనాట్ అంటారు. దాని కోసమే 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64 నుంచి 100.127 వరకు ఒక రేంజ్ విడిగా ఇచ్చారు. మా రౌటర్‌కి వచ్చింది అందులోదే. అంటే మా పోర్ట్ ఫార్వర్డింగ్ మా షెడ్డు తలుపు వరకే. దాని బయట ప్రొవైడర్ తలుపు ఇంకోటుంది, దాని తాళం మా దగ్గర లేదు. టెయిల్‌స్కేల్ వాడేవాళ్లు మాత్రం వందని చూసి కంగారు పడకండి. అది కూడా తన డివైజులకి ఇదే రేంజ్‌లో అడ్రస్‌లు ఇస్తుంది.

ఇందాకటి ఆఫీసు ఫోన్‌నే తీసుకుంటే, బోర్డు నంబర్ తెలుసుకున్నంత మాత్రాన, బయటివాడు దానికి కాల్ చేస్తే నా టేబుల్ మీద మోగుతుందని గ్యారంటీ లేదు. బయటి సర్వీస్ చెప్పేది మనం వెళ్లేటప్పుడు కనిపించే అడ్రస్. సెటప్‌కి కావాల్సింది మన దగ్గరికి రావడానికి పనికొచ్చే అడ్రస్. చాలాచోట్ల రెండూ ఒకటే కావడం వల్ల తేడా తెలియదు. పెద్ద క్లౌడ్ సెటప్‌లలో కూడా బయటికి వెళ్లేది నాట్ గేట్‌వే ద్వారా, లోపలికి వచ్చేది లోడ్ బ్యాలెన్సర్ ద్వారా అయితే రెండు అడ్రస్‌లూ వేరువేరు. కర్ల్ జవాబుని అక్కడ కాన్ఫిగ్‌లో రాస్తే నిశ్శబ్దంగా తప్పవుతుంది.

ఇంట్లో సీజీనాట్ ఉందో లేదో తేల్చడం మాత్రం తేలికే. రౌటర్ పేజీలోని వ్యాన్ ఐపీ, బయటి సర్వీస్ చెప్పిన ఐపీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే మధ్యలో ఇంకో నాట్ ఉన్నట్టే. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే స్క్రిప్టే రౌటర్‌ని వ్యాన్ ఐపీ అడిగి ఈ పోలిక చేసేయొచ్చు.

స్టాటిక్ ఐపీ కావాలని మా లోకల్ ఆపరేటర్‌ని అడిగితే అది కంపెనీ కనెక్షన్లకే అన్నాడు. ఐపీవీ6 ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, ఆ కనెక్షన్‌లో అదీ లేదు. చివరికి దారి తిరగేశాను. వైర్‌గార్డ్‌లో తెలిసిన అడ్రస్ ఒక వైపు ఉంటే చాలు. రెండో వైపు నుంచి సరైన తాళంతో ప్యాకెట్ రాగానే, అది వచ్చిన అడ్రస్‌ని తనే గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ముంబైలో ఒక చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని, షెడ్డులోని పై దానికి లోపలి నుంచి కాల్ చేసేలా పెట్టాను. ప్రతి 25 సెకన్లకి ఒక కీప్‌అలైవ్ పంపుతుంది, నాట్ తలుపు మూసుకోకుండా. నాన్న ఫోన్ కూడా ముంబైకే వెళ్తుంది. నెలనెలా డబ్బులు వద్దనుకుని మొదలుపెట్టినవాడిని, చివరికి నెలనెలా కడుతున్నా. నవ్వుకోండి.

క్లౌడ్‌లో ఇదే స్క్రిప్ట్ వేస్తే

ముంబై సర్వర్ మీద అదే స్క్రిప్ట్ రన్ చేస్తే ఇంటర్‌ఫేస్ మీద 172.31తో మొదలయ్యే అడ్రస్ కనిపించింది. చూడ్డానికి ప్రైవేట్. కానీ బయటినుంచి హాయిగా దొరుకుతుంది, ఎందుకంటే అమెజాన్ క్లౌడ్‌లో పబ్లిక్ ఐపీ మెషీన్ మీద ఉండదు, బయట నెట్‌వర్క్‌లో ఒకటికి ఒకటిగా జతచేసి ఉంటుంది. షెడ్డులో పబ్లిక్‌గా కనిపించింది చేరలేనిది, ఇక్కడ ప్రైవేట్‌గా కనిపించింది చేరగలిగేది. అడ్రస్ ముఖం చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చూడండి.

క్లౌడ్‌లో ఊరందరినీ అడగక్కర్లేదు. 169.254.169.254 అనే అడ్రస్‌లో మెటాడేటా సర్వీస్ ఉంటుంది. పబ్లిక్ ఐపీ నీకు ఏది ఇచ్చామో ఇచ్చినవాళ్లే చెబుతారు. అమెజాన్‌లో 2019 నుంచి ఉన్న కొత్త పద్ధతి ప్రకారం ముందు పుట్ రిక్వెస్ట్‌తో టోకెన్ తీసుకుని, దాన్ని చూపించి అడగాలి. పాత ఆర్టికల్స్‌లోని ఒక్క లైన్ కమాండ్ చాలా మెషీన్లలో ఇప్పుడు ఎర్రర్ ఇస్తుంది. ఇంట్లోని మెషీన్‌కి ఆ అడ్రస్‌లో ఎవరూ పలకరు, కాబట్టి ఒక సెకను టైమ్‌అవుట్ చాలు.

ఇప్పుడు నా స్క్రిప్ట్ నడిచే తీరు ఇలా ఉంది. ఎవరైనా అడ్రస్ గానీ డొమైన్ పేరు గానీ ముందే ఇచ్చి ఉంటే ఇక వెతకదు, అదే వాడుతుంది. లేకపోతే మెటాడేటాని అడుగుతుంది. అక్కడ జవాబు లేకపోతే ఇంటర్‌ఫేస్ చూస్తుంది, ఆ తర్వాత బయటి సర్వీసులు రెండింటిని అడుగుతుంది. అన్నీ కలిస్తే ఆ అడ్రస్‌ని చూపించి "ఇదేనా?" అని అడిగి ఎంటర్ కోసం ఆగుతుంది. కలవకపోతే దేన్నీ ముందే నింపదు. కనిపెట్టినవన్నీ పక్కపక్కన చూపించి, మీరే టైప్ చేయమంటుంది. ఎదురుగా మనిషి లేకుండా ఆటోమేటిక్‌గా రన్ అవుతుంటే అక్కడితో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇది కొంతమందికి చిరాకు. నాకైతే తప్పు అడ్రస్‌తో విజయవంతంగా పూర్తయ్యే సెటప్ కంటే మధ్యలో ఆగిపోయే సెటప్ వెయ్యి రెట్లు నయం.

క్యూఆర్ కోడ్ చూపించాక కూడా "పూర్తయింది" అని రాయట్లేదు. ఫోన్ వైఫై ఆపి మొబైల్ డేటాతో కనెక్ట్ అవ్వండి అని చెప్పి, సర్వర్ వైపు హ్యాండ్‌షేక్ వచ్చేదాకా రెండు నిమిషాలు కాపలా కాస్తుంది. వైర్‌గార్డ్ తాళం లేని ప్యాకెట్లకి అసలు బదులివ్వదు. పోర్ట్ చెకర్ వెబ్‌సైట్లతో దీన్ని టెస్ట్ చేయలేం, నిజమైన హ్యాండ్‌షేక్ ఒక్కటే సాక్ష్యం.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను, అదీ చెప్పేస్తా. రెండు నెలల తర్వాత ముంబై సర్వర్ సైజు పెంచుదామని ఆపి మళ్లీ స్టార్ట్ చేశా. ఎలాస్టిక్ ఐపీ తీసుకోకపోవడం వల్ల పబ్లిక్ ఐపీ మారిపోయింది. అందరి ఫోన్లలోని క్యూఆర్ కాన్ఫిగ్‌లు చెల్లని చీటీలైపోయాయి. ఇప్పుడు ఎలాస్టిక్ ఐపీ తీసుకుని, ఎండ్‌పాయింట్‌లో అంకెల బదులు ఒక డొమైన్ పేరు పెట్టాను. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4కి గంటకి 0.005 డాలర్లు తీసుకుంటోంది, నెలకి సుమారు 3.6 డాలర్లు. లెక్కేసుకుని దిగండి.

డొమైన్ పేరు పెట్టినా వైర్‌గార్డ్ దాన్ని స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారే ఐపీగా మార్చుకుంటుంది, తర్వాత ఐపీ మారినా పట్టించుకోదు. వైర్‌గార్డ్ టూల్స్‌తో పాటే దీనికోసం పేరుని మళ్లీ వెతికే ఒక చిన్న స్క్రిప్ట్ ఇస్తారు. దాన్ని షెడ్డులోని పై మీద ప్రతి 5 నిమిషాలకి నడిచేలా క్రాన్‌లో వేశాను. పోయిన ఆదివారం తమ్ముడు మెయిన్ స్విచ్ ఆపి, జనరేటర్ కూడా వేయకుండా పది నిమిషాలు ఉంచాడు. నాన్న ఇంట్లో మొబైల్ డేటా మీద చూస్తూ, ఆగిపోయిన ఏరియేటర్లు లెక్కపెట్టి నాకు ఫోన్ చేశారు.